సొట్టపడిన పుస్తె

శ్రీరామనవమికి పది రోజుల ముందే మా కాలనీలో పెళ్లిపనులు మొదలవుతాయి. సీతమ్మ తరఫున ఒక జంట, రాముడి తరఫున ఒక జంట పీటల మీద కూర్చోవాలి. మిర్యాలగూడ రైసుమిల్లుల వెనక ఉన్న చిన్న గుడి అది. పందిరి మీద కూడా ఊక నలుసులు పడుతుంటాయి. అయినా పెళ్లి మాత్రం పెళ్లిలాగే జరగాలి. మగపెళ్లివాళ్లు అలగాలి, ఆడపెళ్లివాళ్లు పానకం ఇచ్చి బతిమాలాలి, కట్నకానుకల దగ్గర ఇరుపక్షాలూ నవ్వుతూ దెప్పుకోవాలి.

నడిగూడెం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నేను మా అత్తను ఆటపట్టించేదాన్ని. "ఒక్కసారి లగ్గమైన జంటకు ఏటేటా మళ్ల లగ్గమెందుకత్తమ్మా?"

"వాళ్లు మర్సిపోతరని కాదే. మనం మర్సిపోతమని" అనేది ఆమె.

ఆ మాటను నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు. పూజలంటే నాకు ప్రసాదం వరకే. అట్లాంటి నేను ఆ ఏడు మమ్మల్ని సీతమ్మ తరఫున పీటల మీద కూర్చోబెట్టమని గుడి పెద్దల ఇంటికి పోయి మరీ అడిగాను. కారణం, అంతకు రెండు నెలల ముందు సూర్యాపేటలో చుట్టాల ఇంట్లో మా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. మిల్లులో మిషన్లు నడిపే మనిషి, బస్తా నేల మీద పెట్టకుండా మోసే మనిషి, అరుగు మీద ముడుచుకుని పడిపోయాడు. దవాఖానాలో గుండెకు స్టెంటు వేశారు. గండం గడిచిందన్నారు గానీ నాకు గడవలేదు. ఆయన దగ్గితే నా ప్రాణం పోయేది. దగ్గకపోతే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

ఆడపెళ్లివాళ్లకు ఒక ముఖ్యమైన పని ఉంటుంది. సీతమ్మ మెడలో ఏడాదంతా ఉన్న పుస్తెలను పంతులు పెళ్లినాటి పొద్దున తీసి ఇస్తాడు. వాటిని పాలతో కడిగి, కొత్త పసుపుతాడుకు గుచ్చి, మధ్యాహ్నం లగ్నానికి పళ్లెంలో పట్టుకుపోవాలి. మా వైపు ఒక్కో తాడుకు పుస్తెలు రెండు. పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి. గుడి కట్టినప్పుడు అమ్మవారి పుస్తెలను మేమే దగ్గరుండి కోదాడలో చేయించాం. నా పెళ్లి పుస్తెలు చేసిన కంసాలే చేశాడు, అదే అచ్చుతో. పక్కపక్కన పెడితే ఒక్కటే తేడా. నా పుట్టింటి పుస్తెకు అంచున చిన్న సొట్ట ఉంటుంది. మా పెద్దోడికి పళ్లు వచ్చేటప్పుడు చంకలో కూర్చుని కొరికింది అది.

పండగనాడు ఆడవాళ్లం మా తాళ్లు కూడా మార్చుకుంటాం. ఆ పొద్దున నేను ముందు పసుపుకొమ్ము కట్టిన దారాన్ని మెడలో వేసుకుని, తర్వాతే నా పుస్తెలు తీశాను. మా అత్త గుమ్మంలో కూర్చుని కాపలా కాసింది.

"ఒట్టి మెడతోటి ఒక్క గడియ గూడ ఉండొద్దు బిడ్డా. అసలే వాని పానం బాగలేదు" అంది.

రెండు గిన్నెల్లో పాలు పోసిపెట్టింది కూడా ఆమే. కుడివైపు అమ్మవారివి, ఎడమవైపు నావి. పుస్తెలను మాత్రం ముట్టుకోలేదు. మామ పోయినప్పటి నుంచి ఆమె పుస్తెలు, పసుపుకుంకుమలు ముట్టుకోదు. నేను తిట్టినా వినదు.

నేను ఎవరి పుస్తెలు వారి గిన్నెలో వేసి కడగడానికి ఎత్తానో లేదో, లోపలి గదిలో మా ఆయన దగ్గాడు. ఒకసారి కాదు, ఆగకుండా. గిన్నెలు రెండూ చేతుల్లోనే ఉండగా పరుగెత్తాను. ఆయన మంచినీళ్లు పొలమారి దగ్గుతున్నాడు, అంతే. "ఏమైతలేదే, అంత పరేషాన్ గాకు" అని నవ్వాడు. వెనక్కి వచ్చి గిన్నెలు కింద పెట్టి, తాళ్లు గుచ్చి, ఒకటి మెడలో వేసుకున్నాను, ఒకటి పళ్లెంలో పెట్టాను. గిన్నెలు ఏ వైపు పెట్టానో చూసుకునే ధ్యాస నాకు లేదు.

పందిరి కింద ఎండ సెగ కొడుతోంది. కోదాడ నుంచి వచ్చిన పంతులు మైకులో ఒక్కో ఘట్టం ఎందుకో విడమరచి చెబుతున్నాడు. రాముడికి జంధ్యం వేశారు. వంశాల పేర్లు చదివారు. మేమిద్దరం కన్యాదానం చేశాం. జీలకర్రా బెల్లం పెట్టారు. నేను మంత్రాలు వినడంలేదు. పక్కనున్న మనిషి చెమటను చూస్తున్నాను.

తర్వాత పుస్తెలను కొబ్బరిబోండాం మీద పెట్టి పళ్లెంతో జనంలోకి పంపారు. వందమంది ముట్టుకుని దీవిస్తేనే పుస్తెకు బలం అంటారు. పళ్లెం తిరిగి తిరిగి ముందు మా ఆయన దగ్గరికి వచ్చింది. కళ్లకద్దుకుని, దాన్ని పట్టుకునే ఉండిపోయాడు. నీరసమేమో అనుకుని నేను గబుక్కున పళ్లెం అందుకున్నాను.

కొబ్బరిబోండాం మీద పుస్తె అంచున సొట్ట ఉంది.

నా చేయి మెడకు పోయింది. వేలితో తడిమాను. రెండు పుస్తెలూ నున్నగా ఉన్నాయి. అమ్మవారి సొత్తు నా మెడలో ఉంది. నా పసుపుకుంకుమలు పళ్లెంలో ఉన్నాయి, ఇంకో రెండు నిమిషాల్లో వేరే మెడకు పోతున్నాయి. నిజం చెబుతున్నాను, దవాఖానా బెంచీ మీద కూడా నేను అంత భయపడలేదు. అక్కడ డాక్టరున్నాడు. ఇక్కడ నా చేతులతో నేనే ఆయనకు కీడు తెచ్చాను.

"పంతులుగారూ, ఒక్కమాట..." అన్నాను.

"లగ్నం దాటిపోతోందమ్మా, పళ్లెం ఇలా ఇవ్వండి" అని ఆయన చేతులు చాచాడు.

మైకు ముందు చెబితే ఊరంతా వింటుంది, లగ్గం ఆగుతుంది, అపశకునమంటారు, పక్కనున్న ఈ గుండె ఆగుతుందేమో. చెప్పకపోతే నా పుస్తె పోతుంది. ఏదీ తేల్చుకోలేకపోయాను. పళ్లెం మాత్రం నా చేతుల్లోంచి పోయింది. డోలు, సన్నాయి ఒక్కసారిగా మోగాయి. అందరూ అక్షింతలు వేస్తుంటే నా సొట్టపుస్తె సీతమ్మ మెడలో పడింది. మళ్లీ నవమి దాకా దాన్ని తీయరు.

పక్కకు చూశాను. మా ఆయన చేయి గుండె మీద ఉంది. కళ్లు మూసుకున్నాడు. "అయ్యో, అయిపోయింది" అనుకున్నాను. భుజం పట్టుకుని కుదిపాను. ఆయన కళ్లు తెరిచి, తడి కళ్లతో నన్నే చూసి, ఏమీ లేదన్నట్లు తలూపాడు.

ఇంటికి వచ్చాక ఆయనను మంచం మీద పడుకోబెట్టి, ఛాతీ లేచి పడడం లెక్కబెడుతూ పక్కనే కూర్చున్నాను. మా అత్త గుమ్మంలో ఉంది. కాసేపటికి ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు.

"నేను సూసిన."

నా లెక్క తప్పింది.

"పళ్లెం నా దగ్గరికొచ్చినప్పుడే సూసిన. పెద్దోడు కొరికిన సొట్ట నాకెరుక లేదా? నా కోసం నీ పుస్తెనే అమ్మోరికిస్తనని మొక్కినవా? ఒక్క మాటన్న చెప్పకపోతివి." గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవగా నేను చూడలేదు. "ఇగ నాకేం గాదే. భయం పోయింది" అన్నాడు.

భయం ఆయనకు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. చెబుదామని నోరు తెరిచాను. మా అత్త లేచి వచ్చి నా చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

"గిన్నెలు పట్టుకొని ఉరికింది నేను సూడలేదనుకున్నవా? నోరు మూసుకో" అంది మెల్లగా. "వాడు దైర్నంగ ఉన్నడు. దాన్ని చెడగొట్టకు."

ఆయన ఆ సంగతిని మిల్లులో చెప్పాడు, కాలనీలో చెప్పాడు, నడిగూడెం పోయి మా అన్నదమ్ములకు చెప్పాడు. అందరూ నన్ను మహా ఇల్లాలిలా చూస్తుంటే తేలుకుట్టిన దొంగలా ఉండేదాన్ని. ఏ నోటి నుంచైనా నిజం ఆయన చెవిన పడితే ఆ ధైర్యం ఏమైపోతుందోనని ఏడాదంతా భయపడుతూనే బతికాను. ఆయన మాత్రం మాత్రలు వేసుకుంటూ, మిల్లుకు పోయివస్తూ, ఒళ్లు చేశాడు.

మళ్లీ నవమి వచ్చింది. మళ్లీ మమ్మల్నే కూర్చోమన్నారు. పంతులు సొట్టపుస్తెను నా చేతిలో పెట్టి వెళ్లాడు. మా అత్త రెండు గిన్నెల్లో పాలు పోసి గుమ్మంలో కూర్చుంది. నేను పసుపుకొమ్ము కట్టుకుని మెడలోవి తీశాను. ఎవరివి వారికి చేర్చేయవచ్చు, ఎవరూ అడగరు. లోపల మా ఆయన నీళ్లు పోసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"ఏం జేస్తవు?" అంది అత్త.

సొట్టపుస్తెను పాలలోంచి తీసి, కళ్లకద్దుకుని, సీతమ్మ తాడుకే గుచ్చాను. పోయినేడు నేను మొక్కని మొక్కును ఆ పొద్దున మొక్కాను. ఈసారి పొరపాటేమీ లేదు, అయినా ముడి సరిగా పడిందో లేదోనని రెండుసార్లు విప్పి కట్టాను.