ఖాళీ చోటును కొలిచిన మా మేడం

పోయిన మంగళవారం పొద్దున పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. "మీ మేడం పోయిందమ్మా" అన్నారు ఆమె భర్త. నేను కుప్పంలో నా క్లాసులో పాఠం చెప్తూ ఉన్నాను. పిల్లలు పిలుస్తున్నా కాసేపు నాకు వినిపించలేదు.

మదనపల్లెలో ఫార్మసీ చదివేటప్పుడు ఆమె నా ప్రాజెక్టు గైడు. మాది సదుం దగ్గర పల్లె. అమ్మానాన్నలు టమోటా తోటల్లో కూలికి పోయేవాళ్లు. నేను మౌసు పట్టుకుంటే బాణం గుర్తు తెరంతా పరుగెత్తేది. మేడం కుర్చీ లాక్కుని పక్కనే కూర్చునేవారు. "మెల్లిగా తిప్పు పాపా. యాల తొందర? సుట్టమింటికి పోయినట్ల లోపలికి పో" అనేవారు.

తెరమీద ప్రోటీన్ అణువు బొమ్మ రంగురంగుల రిబ్బన్ల ఉండలా తిరిగేది. దాని లోపల ఎక్కడో ఒక చిన్న గుంత. మందు అణువు వెళ్లి కూర్చునే చోటు అది, పాకెట్ అంటారు. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని నీలంగా నింపి, దాని ఘనపరిమాణం చెప్పేది. ఆ నీలంలోకి చూస్తూ ఉంటే ఫ్యాను చప్పుడు, రోడ్డు మీది బస్సులు అన్నీ దూరమైపోయేవి. నిద్రలో నడుస్తున్నట్టు ఉండేది. మేడం చూపు తిప్పకుండానే వేయించిన శనక్కాయల పొట్లం నా వైపు నెట్టేవారు.

చివరి ఏడాది కుప్పంలో సెమినారు. మందు చేరగానే పాకెట్ రెండింతలవుతుందని మా ఫలితం. నేనూ మేడం ఎక్కిన బస్సు పలమనేరు దాటాక ల్యాప్‌టాప్ తీసి బొమ్మను ఇంకోసారి తిప్పాను. నీలం పాకెట్ మూతిలోంచి బయటికి పొర్లి ఉంది. బయటి ఖాళీని కూడా లోపలిదిగానే లెక్కేశాం.

"మేడం, ఈడ సూడండి."

ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు. "అవును. హద్దు సరిగ్గా పెట్టలేదు మనం."

"ఎవురికీ తెలీదు మేడం. చెప్పకుండా ఉంటే?"

"నీకు తెలిసింది గదా పాపా. నాకూ తెలిసింది. ఇద్దురం సాలమా?"

బస్సులోనే మళ్లీ కొలిచాం. పాకెట్ ఏమీ పెరగలేదు.

సెమినార్లో నాకంటే ముందు ఆమే మైకు తీసుకున్నారు. "సరిచూడాల్సింది నేను. తప్పు నాది. పట్టుకున్నది ఈ అమ్మాయి. ఎట్ల పట్టుకుందో తానే చెప్తాది." ముందు వరుసలో ఎవరో నవ్వారు. నేను లేచి, పొర్లిన ఆ నీలాన్ని చూపించాను.

అదే ఫలితంతో జర్నల్‌కు పంపిన పరిశోధన పేపరును మేడం వెనక్కి తీసుకున్నారు. ఆమె ప్రమోషన్ ఆ పేపరు మీదే ఆధారపడి ఉండిందని రెండేళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నాకెందుకు చెప్పలేదని పరుగున వెళ్లి అడిగాను. "ఇప్పుడు అదంతా యాలమ్మా, నీ పిల్లోళ్లకి బాగా చెప్తాండావా?" అన్నారు, అంతే.

మొన్న పుంగనూరు వెళ్తే మేడం వాళ్లమ్మ నన్ను లోపలి గదికి పిలిచింది. బైరెడ్డిపల్లె దగ్గర ఆవులు మేపుకుని బిడ్డను చదివించిన మనిషి. "మా పాప దినమంతా సూస్తా కూసునేది ఏందమ్మా? నువ్వన్నా సూపీ" అంది.

మేడం ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రోటీన్ వచ్చింది, దాని మధ్యలో నీలం.

"ఈడ ఏమీ లేదే?"

"లేదవ్వా. మందు పొయ్యి కూసునేకి చోటు."

అవ్వ ముసలి వేలు తెరమీద ఆనించి, తిరుగుతున్న ఆ నీలం వెంట మెల్లిగా పోనిచ్చింది.