సున్నాకు రసీదు

నా చిన్నప్పుడు ఒకే సంవత్సరంలో మా నాయనకు జరిగిన అన్యాయాలు ఇవి. అరవ నెలల లెక్కలో చిత్తిర మాసంలో, ఆయన కూలికి నేసి ఇచ్చిన చీరలను ఆయనే సొంతంగా అమ్మినట్టు తిరుత్తణిలో ఒక షావుకారు బిల్లులు రాసుకున్నాడు. ఆని మాసంలో, ఆ బిల్లుల మూలంగా ఆదాయపు లెక్క దాఖలు చేయమని ఇన్‌కమ్ టాక్స్ నోటీసు వచ్చింది. ఆడిలో, మొక్కుల కావళ్ళు తిరుత్తణి కొండెక్కుతున్న రోజుల్లో, ఇదేమని అడగబోయిన నాయనకు షావుకారు నూలు ఇవ్వడం మానేశాడు. పురట్టాసిలో రెండో నోటీసు వచ్చింది. ఇకనైనా లెక్క ఇవ్వకపోతే ఆదాయం ఎంతో తామే అంచనా కట్టి పన్ను వేస్తామని అందులో ఉంది. ఆ పన్ను కట్టాలంటే మాకున్న ఒక్క మగ్గాన్నీ అమ్ముకోవాలి.

అయినా నాయన కదలలేదు. పన్నే లేనివాడికి లెక్క ఎందుకన్నది ఆయన వాదం. గడువు దాటిపోయాక దానికి ఇంకొకటి తోడైంది: ఇప్పుడు పోతే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని. ఆయన మాట న్యాయమేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. కానీ ఆ న్యాయం మా నడవలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఆఫీసువాళ్ళకు తెలిసేదెలా?

ఐప్పసిలో మా నేతవీధి అమ్మవారి పూజ వచ్చింది. ఆ రోజు ప్రతి ఇంటి పెద్దా మూసిన పిడికిలిని గుడిలోని మట్టికుండలో పెట్టి, లోపలే తెరిచి, చేయి వెనక్కి తీసుకోవాలి. ఎవరు ఎంత విడిచారో, ఎవరి చేయి ఖాళీయో ఎవరికీ కనబడదు. రాని ఇంటి గురించి మాత్రం వీధంతా మాట్లాడుకుంటుంది. మగ్గం ఆగిపోయిన ఆ ఏడు నాయన గుడికి పోనని భీష్మించాడు.

"చేతిలో ఏముందని పొయ్యేదిమా?"

మా అవ్వ, అంటే నాయన తల్లి, వత్తులు చేస్తూ తల ఎత్తకుండానే అంది. "ఏమీ లేదని చెప్పేదానికీ చెయ్యి పోవాల్రా. నువ్వు పోకుంటే లేదనుకోరు, దాచిపెట్టినాడనుకుంటారు."

పొద్దుపోయాక నాయన లేచి కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత కండువా వేసుకుని బయలుదేరాడు, వెనకే నేనూ పోయాను. అప్పటికే కుండ మూతికి గుడ్డ కట్టేశారు. "ఏం మామా, అమ్మవారు నిద్దరపొయినాక వస్తావనుకుంటి" అని పూజారి ఎగతాళి చేస్తూనే ముడి విప్పాడు. నాయన పిడికిలి లోపలికి పోయి, తెరుచుకుని, బయటికి వచ్చింది. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ సోమవారమే రైలెక్కి తిరువళ్ళూరు పోయాము. దస్తావేజులు రాసే ఒకాయన ఫారం నింపిపెట్టాడు. ఆలస్యానికి కారణాలను, పైన నేను చెప్పిన వరుసలోనే, నెలల వారీగా నాయన చెబుతుంటే ఆయన ఉత్తరంగా రాశాడు. ఆఫీసులో సాయంత్రం దాకా నిలబడ్డాము. గుమాస్తా కాగితాలు తిరగేసి, కట్టేది సున్నా, తెచ్చింది ఆలస్యం, దీనికి మళ్ళా రసీదా అని అరవంలో విసుక్కున్నాడు.

"సున్నాకే కావాల సార్" అన్నాడు నాయన, ఆ అరవంలోనే. "రూపాయలు కట్టినోడు మీ లెక్కలో ఉంటాడు. నేను వచ్చి పొయినట్టు ఏముంటాది?"

గుమాస్తా కళ్ళు నలుపుకుని, నకలు మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఆయనా అలసిపోయే ఉన్నాడు.

ఆ తర్వాత ఎవరూ మా ఆదాయాన్ని అంచనా కట్టలేదు. మగ్గం మాకే మిగిలింది. ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు. నాయన ఉన్నన్నాళ్ళూ పోస్టుమాన్‌ను దాని గురించి అడుగుతూనే ఉన్నాడు. ముద్ర పడిన ఆ నకలు ఇప్పుడు నా దగ్గర ఉంది.

నాకూ పన్ను కట్టేంత ఆదాయం లేదు. అయినా ఏటా లెక్క దాఖలు చేస్తున్నాను. ఈ ఏడు ఆరోగ్యం సహకరించక గడువు దాటింది. ఎందుకులే అని ఒక పూట నాకూ అనిపించింది. అప్పుడు కుండ ముందు పిడికిలి మూసుకుని నిలబడ్డ నాయన గుర్తుకొచ్చి, లేచి కాగితం తీసుకున్నాను. కారణాలు నెలల వారీగా రాసి, ఆయన ముగించిన మాటలతోనే ముగించాను: "నేను చెల్లించవలసిన పన్ను ఏదీ లేదు. ఈ సంగతి తమకు అందినట్టు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."