కబరస్తాన్ ఫైలు

కామారెడ్డిలో నాకు కంప్యూటర్ నేర్పిన సారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. సొంతూరు ఎల్లారెడ్డిలోనే మట్టి ఇస్తారన్నారు. బస్సెక్కాను గానీ, ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నానో నాకే తెలియలేదు.

కంప్యూటర్‌తో వరుసగా పనులు చేయించే షెల్ స్క్రిప్టులు చెప్పేటప్పుడు సారుది ఒకటే మాట. "ఉన్న ఫైలు మీదనే రాయకు బిడ్డా. మార్చింది వేరే ఫైల్ల రాయి. రెండూ పక్కపక్కన పెట్టి సూడు. సక్కగున్నదంటేనే పాత పేరు దానికి పెట్టు." జేబు డైరీలో ఫోన్ నంబరు మారినా అంతే. కొత్తది కింద రాసి, పైకి చదివి, అప్పుడు పాతది కొట్టేసేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఎల్లారెడ్డి కబరస్తాన్‌లో రాయి లేని సమాధులే ఎక్కువ. ఎవరు ఎక్కడున్నారో పెద్దవాళ్లను అడిగి, ఆదివారాలు అక్కడే కూర్చుని సారు ఒక ఫైలులో టైపు చేసుకున్నారు. ఒకే పేరు నాలుగు రకాలుగా పడితే, సరిచేయమని లాప్‌టాప్ నాకిచ్చారు. తన స్క్రిప్టు వాడమన్నారు. అది ముందు కాపీ తీసి, తేడాలు చూపించి, సరేనా అని అడిగేది.

నాకంత ఓపిక ఎక్కడిది? తెలివి చూపిద్దామని సొంతంగా ఒక్క వరుస కమాండ్ రాశాను. చదివేదీ ఆ ఫైలే, రాసేదీ ఆ ఫైలే. అలా రాస్తే, కమాండ్లు నడిపే ఆ షెల్ ముందు ఫైలును ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే చదవడానికి పోతుంది. ఎంటర్ నొక్కాను. ఒక్క అక్షరం మిగల్లేదు.

సారు పెన్‌డ్రైవ్‌లోని పాత కాపీలో సగం పేర్లే ఉన్నాయి. మిగతావి చెప్పిన ఇద్దరు పెద్దలూ అప్పటికే చనిపోయారు.

తిట్టినా బాగుండేది. సారు లాప్‌టాప్ మూసి, "నీకిచ్చే ముందు నేనన్న కాపీ తియ్యాలె గద" అన్నారు. ఊరి పెద్దలతో తన చెయ్యే జారిందని చెప్పారు. పక్కనే ఉండి నేను కిక్కురుమనలేదు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసినా ఎత్తడానికి సిగ్గేసేది. ఇప్పుడు మీకు చెబుతున్నాను, ఆ ఫైలు పోగొట్టింది నేను.

మట్టి వేసేటప్పుడు వరుసలో నా ముందున్న పెద్దాయన చేతులు దులుపుకుంటూ అన్నాడు. "మంచి మనిషి. గా లిస్టు ఒక్కటి పోగొట్టిండు. మా అమ్మ ఏడున్నదో అండ్లనే ఉండె."

నోరు తెరిచాను. వెనకవాళ్లు జరగమన్నారు. జరిగాను.

జనం వెళ్లిపోయాక కూడా పెద్దాయన అక్కడే ఉన్నాడు. ఎక్కడ నిలబడి తల్లికి దువా చేయాలో తెలియక, ఒక దిబ్బ దగ్గర చేతులెత్తి, మళ్లీ దించి, పక్క దిబ్బ దగ్గరికి నడిచాడు.