పళ్లెమంత నీడ

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి మాట, "మరి ఉసిరి చెట్టో?" అని. అంతే, ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇంట్లో నాకు మనసు లేదని తేల్చేశారు.

"నీకు ఆవిడంటే ఎప్పుడూ పడదుగా," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

పడకపోవడం ఏమిటి? మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో మేముండే బిల్డింగ్ మొత్తం మీద ఆవిడతో రోజూ పోట్లాడింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా "అలాగేనండీ" అని లిఫ్ట్ ఎక్కేసేవాళ్లు. పడనివాళ్లతో ఎవరైనా ఇన్నేళ్లు పోట్లాడతారా?

ఆవిడ మా కింది ఫ్లాట్‌లో ఉండేది. బంధుత్వమేమీ లేదు, అమ్మకి అక్కయ్యగారు, నాకు పెద్దమ్మ. మోకాళ్లు చూపించుకోవడానికని ఆగస్టులో పెదనాన్నగారితో కాకినాడ వెళ్తూ ఫ్లాట్ తాళం నా చేతిలో పెట్టింది. "చెట్టుకి రెండు పూటలా నీళ్లు పొయ్యాలే. ఎక్కువ పొయ్యకు, కుళ్లుతుంది. తక్కువ పొయ్యకు, ఎండుతుంది. నీకున్న బుద్ధంతా వాడు." అక్కడ మోకాళ్లు బాగానే ఉన్నాయన్నారట, గుండె ఆగింది. ఫోన్ వచ్చేసరికి పొద్దున పదవుతోంది, నేనింకా నీళ్లు పోయలేదు. మస్కట్ ఎండలో ఆ బాల్కనీ పెనంలా ఉంటుంది. ఇంకేం అడుగుతాను?

ఆ చెట్టు సంగతి చెప్పాలి. కార్తీకంలో ఉసిరి చెట్టు నీడన భోజనం చెయ్యాలి కదా. ఇక్కడ ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? అందుకని పెద్దమ్మ ఊరినుంచి గింజలు తెచ్చి, నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోయించి, అందులో ఒక చెట్టును పెంచింది. అది నా భుజం దాకా వచ్చింది. ఏటా ఎండ విరగ్గానే దాన్ని కారెక్కించి, బహ్లా ఊరు దాటాక ఉన్న ఒక పాత మట్టి మేడ తోటకి బయల్దేరదీసేది. రెండు గంటల దారి. చెట్టు వెనకసీటులో పడుకుని మా ఒళ్లోకి వచ్చేది. పైగా ఏసీ వెయ్యనిచ్చేది కాదు.

"పెద్దమ్మా, చెమటకి చస్తున్నాం."

"దానికి గాలి పడదే. చున్నీ కప్పు."

"చెట్టుకి జలుబు చేస్తుందా?"

"నీకు చెయ్యట్లా? అదీ ప్రాణమే."

పెదనాన్నగారు స్టీరింగ్ పట్టుకుని, పెళ్లయిన నాటినుంచీ ఇంతే అన్నట్టు అద్దంలోంచి నావైపు చూసేవారు.

ఆ మేడది ఎప్పటి కట్టడమో ఇంటివాళ్లకే సరిగ్గా తెలీదు. వాళ్లు పక్కనే కొత్తిల్లు కట్టుకుని, పాతదాన్నీ వెనక తోటనీ చూడవచ్చేవాళ్ల కోసం తెరిచి ఉంచారు. మేం వెళ్లేసరికి ఖర్జూరాల కోత అయిపోయి, నరికిన మట్టలు గోడవారన పోగుపడి ఉండేవి. నిమ్మచెట్ల కింద పండి రాలిన కాయల వాసన. మధ్యలోంచి ఫలజ్ కాలవ నీళ్లు చప్పుడు లేకుండా పోతుండేవి. తోటంతా నీడే! మామిడి నీడ, దానిమ్మ నీడ, ఖర్జూరపు చెట్ల నీడ. వాటన్నిటి మధ్యా కాస్త ఎండపడే చోటు వెతికి, అక్కడ డ్రమ్ము దింపించేది పెద్దమ్మ. ఎందుకంటే వేరే చెట్ల నీడలో పెడితే ఉసిరి నీడ పడదుగా!

ఆ నీడ ఒక్క పళ్లెమంత. దాంతో ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. పులిహోర వడ్డించిన పళ్లాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆ నీడలో పెట్టి తియ్యాలి. తన నీడే దాని మీద పడకుండా ఆవిడ పక్కకి తప్పుకుని నిలబడి, "ఊఁ, ఇంకోటి" అనేది. చివరి పళ్లెం వచ్చేసరికి మొదటివాళ్ల పులిహోర మీద ఈగలు. నాకు ఒళ్లు మండిపోయేది. తోట ఫోటో తీద్దామని ఫోన్ తియ్యబోతే చేతిమీద ఒకటి వేసేది. "ముందు కూర్చో. తోట ఎక్కడికీ పోదు."

ఆ ఇంటి పెద్దావిడ ఏటా కహ్వా కాఫీ ఫ్లాస్కు పట్టుకొచ్చి మా తంతు చూసి నవ్వుకునేది. కిందటేడు ఉండబట్టలేక నిమ్మచెట్టు పక్కన ఖాళీ నేల చూపించి, హిందీలో, "ఇధర్ లగావో. పానీ హై," అంది. పెద్దమ్మ డ్రమ్మును గట్టిగా పట్టుకుంది. "నహీ, నహీ. యే ఘర్ జాయేగా," ఇది ఇంటికే వస్తుందని.

వచ్చేదారిలో నేను ఊరుకోలేదు. "డ్రమ్ము పగిలి వేళ్లు బయటికొస్తున్నాయి పెద్దమ్మా. ఆవిడ నేల ఇస్తానంటోంది. నీకేం పోతుంది?"

"మనం ఇక్కడ ఎన్నాళ్లుంటామే? నాటేసి వెళ్లిపోతే దాని మొహం ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడకపోతే అది బతకదా?"

ఆ మాటకి నిజ్వా ఊరు వచ్చేదాకా మొహం కిటికీవైపు తిప్పేసుకుంది. తర్వాత సంచీలోంచి ఒక బత్తాయి తీసి, ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది. ఆవిడ రాజీ పడటం అంటే అదే. మాట మాత్రం మార్చుకోలేదు.

ఇప్పుడు పెదనాన్నగారు తిరిగొచ్చి, ఫ్లాట్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోతున్నారు. చెట్టును అదే డ్రమ్ములో కింద లిఫ్ట్ పక్కన ఉంచి, పెద్దమ్మ గుర్తుగా ఏటా తోటకి తీసుకెళ్లొద్దామని బిల్డింగ్‌లో ఆడవాళ్లంతా అనుకున్నారు. మా అమ్మ ముందుంది. లిఫ్ట్ పక్కన ట్యూబులైటు తప్ప వెలుతురు లేదు. ఈసారి ఆకు సగం పండి రాలిపోయింది. వేళ్లు డ్రమ్ము లోపల చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అలా ఇంకో ఎండాకాలం గడవదు. బహ్లా తోటలో నాటేస్తానన్నాను.

"ఆవిడ వద్దన్నపని నువ్వు చేస్తావా? ఆవిడ మీద కచ్చ ఇంకా పోలేదన్నమాట," అంది అమ్మ.

"రెండు ఉద్యోగాలు మానేసి మూడోది వెతుక్కుంటున్నావు. నువ్వే ఒకచోట నిలవవు, చెట్టుని నిలబెడతావా?" అన్నారు నాన్న.

పెదనాన్నగారిని అడిగాను. ఆయన డ్రమ్ము పగులు మీద వేలు పెట్టి చూసి, "మీ పెద్దమ్మ ఒప్పుకునేది కాదమ్మా," అన్నారు. కారు తాళాలు మాత్రం బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

నిజమే, ఒప్పుకునేది కాదు. బతికుంటే ఇప్పుడు కూడా నాతో పోట్లాడేది, నేనూ పోట్లాడేదాన్ని. తోట ఎక్కడికీ పోదని ఆవిడే అంది. మిగిలినవాళ్లమే ఎక్కడికో అక్కడికి పోతున్నాం.

బహ్లా పెద్దావిడకి ఫోన్ చేశాను. గొయ్యి తవ్వించి ఫోటో పంపింది. నిమ్మచెట్టు పక్కన, కాలవకి దగ్గరగా, అంచుల్లో మట్టి ఇంకా తడిగా ఉంది.

రేపు శుక్రవారం. పొద్దున్నే చెట్టును తీసుకెళ్లి, డ్రమ్ము కోసేసి, ఆ నేలలో నాటుతున్నాను. దారంతా ఏసీ వెయ్యను.