మూడోసారి వన్స్‌మోర్

ఖమ్మంలోని ఒక కోచింగ్ కాలేజీలో పదహారేళ్లుగా నేను చెప్పే పాత పద్యం ఒకటుంది. చనిపోయిన కొడుకును ఒళ్ళో వేసుకుని తల్లి ఏడ్చే పద్యం. కోడిని కోసినట్టు దాన్ని ముక్కలు చేసి, ప్రతిపదార్థం రాయించి, ఏ ముక్కకు ఎన్ని మార్కులో చెప్పి వదిలేసేవాణ్ణి. ఒక్క ఏడూ నా కన్ను చెమ్మగిల్లలేదు. పిల్లలు ఆవలించేవాళ్ళు.

నిరుడు ఒక ఆదివారం మధ్యాహ్నం, మణుగూరులో ఉండే మా బావమరిది తమ కాలనీలోని రేకుల షెడ్డులో పద్యనాటకం ఉందని నన్ను లాక్కుపోయాడు. తల్లి వేషం కట్టింది బొగ్గు గనిలో పనిచేసే యాభై ఏళ్ల మనిషి. మీసం గీసిన చోటు రంగు కింద పచ్చగా కనిపిస్తుంటే నవ్వుకున్నాను. హార్మోనియం మొదలైంది. అతను ఎత్తుకున్నది నా పద్యమే. రెండో పాదానికే నా నవ్వు చచ్చింది. నేను అర్థాలు రాయించిన మాటలతోనే ఒక తల్లి బిడ్డను లేపుతోంది. ఇన్నేళ్ళూ నేను చెప్పింది పద్యమే కాదని తెలిసి సిగ్గేసింది.

పద్యం నచ్చితే జనం "వన్స్‌మోర్" అని అరవడం, నటుడు మళ్ళీ పాడటం నాటకాల్లో ఆనవాయితీ. జనం అరిచారు, పాడాడు. మళ్ళీ అరిస్తే చేతులు జోడించి, ఇక చాలన్నట్టు చూసి, పాడాడు. బావమరిది నా చెవిలో అన్నాడు:

"బావా, పోయిన నెలనే ఆయన కొడుకు జరమొచ్చి సచ్చిపోయిండు. ఈ వేషం కట్టనన్నడు గానీ ఇంకోడు దొరకలే."

విన్నాను. విన్నాక, జనం చల్లబడుతుంటే, నేనొక్కణ్ణే లేచి "వన్స్‌మోర్" అని కేకేశాను. సంగతి తెలిశాక వింటే ఇంకా బాగుంటుందనిపించింది. ఆ రేకుల షెడ్డులో నా అంత నీచుడు ఇంకొకడు లేడు.

అతనికి రాగం రాలేదు. నాలుగు పాదాలూ పొడిగా, వార్త చదివినట్టు చెప్పి ఊరుకున్నాడు. వెనక నుంచి ఈలలు వేశారు.

నాటకం అయ్యాక, తగుదునమ్మా అని మెచ్చుకోవడానికి తెర వెనక్కి వెళ్ళాను. కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాడు. తెలుగు సారునని చెప్పుకున్నాను.

"మూడోసారి అడిగింది మీరే గద సారూ? గొంతు గుర్తువట్టిన" అన్నాడు. కోపం లేదు. "పిల్లలున్నరా?"

"ఒక కొడుకు" అన్నాను. "అడిగింది మాత్రం నేను కాదు. నా వెనక ఎవరో."

"అవ్ సారూ, ఎవరో" అని అద్దం వైపు తిరిగాడు.