ఏం విరగలేదన్నడు

డెబ్బైల ఆఖరుల పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల నేను, నా దోస్తు ఒక్కటే ప్రెస్సు మిషిన్ మీద పనిచేసేటోళ్లం. ఒకరి సద్ది డబ్బల కెల్లి ఒకరం తినేటోళ్లం. ఒకరోజు ఆయన తిప్పుతున్న పిడి చెయ్యి జారి, గిర్రున తిరిగొచ్చి నా మూతికి తగిలింది. ముందటి పన్ను మూలకు సగం విరిగిపోయింది.

ఆ పిడి ఖరాబుందని మేస్త్రికి అంతకుముందే చెప్పినం. "ఈసారి కాయిదం మీద రాసియ్యి. నేను సాక్ష్యం చెప్త" అన్నడు దోస్తు. రాసిచ్చిన.

సంగారెడ్డిల పండ్ల డాక్టర్ తానికి ఆయనే నన్ను తోల్కపోయిండు. డాక్టర్‌ది గుంటూరు దిక్కు. నన్ను కిటికీ వెలుతురుకు తిప్పి, తీరొక్క తెలుపుల నమూనా పండ్లు ఒక్కొక్కటి నా పన్ను పక్కన పెట్టి చూసిండు. "పన్ను ఆరితే తెల్లబడుతుంది. తడిగా ఉన్నప్పుడే రంగు చూసుకోవాలి" అన్నడు. విరిగిన అంచును ఏటవాలుగ అరగదీసిండు, అతుకు గీత కనబడొద్దని. కొత్తగ వచ్చిన మందట, రెండు ముద్దలు కలిపి అద్దిండు. గట్టిపడ్డంక సానా సేపు నునుపు చేసిండు. అద్దంల చూసుకుంటే ఏ పన్ను విరిగిందో నాకే తెలుస్తలేదు. దోస్తు నా గదమ పట్టుకొని ఇటు అటు తిప్పి చూసి, మస్తు ఖుష్ అయిండు.

పది దినాలకు మేనేజర్ పిలిచిండు. ఆయన ముందు నా కాయిదం ఉంది. పక్కన దోస్తు నిలబడ్డడు.

"నోరు తెరువు. ఏది విరిగింది?"

"ఇది సార్. డాక్టర్ కట్టిండు."

వంగి చూసిండు. "కట్టినట్టే లేదే." దోస్తు దిక్కు తిరిగిండు. "నువ్వు చూశావా?"

దోస్తు కిందికి చూసుకుంట, "లేదు సార్. ఏం విరగలే" అన్నడు.

నేను అబద్ధం రాసిన్నని మెమో చేతుల పెట్టి, నన్ను గోదాంకు మార్చిన్రు. తెల్లారి డాక్టర్ తోని చీటీ రాయించుకొని పోయిన. ఎవ్వరూ తీసుకోలే.

ఒక ఆదివారం దోస్తు కర్దనూర్‌ల మా ఇంటికొచ్చిండు. మా అమ్మకు సంగతి తెల్వదు, చాయ్ పోసింది. ఆమె లోపలికి పోయినంక మెల్లగ అన్నడు, "పిడి నా చేతులనే ఉండె గదా. నన్ను తీసేస్తరని భయమైంది. అయినా నీ పన్ను మంచిగనే అయింది."

ఆ ఆఖరి మాట అనకుంటే మాఫ్ చేస్తుంటినేమో. "చాయ్ తాగి పో" అన్న.

తాగి పోయిండు. దాని తర్వాత ఏండ్ల కొద్ది ఇద్దరం ఒక్కటే బస్సుల డ్యూటీకి పోయినం. ఒక్క మాట మాట్లాడుకోలే.