వీపు మీద అంటించిన పట్టీలు

పటాన్‌చెరు బస్టాండు ఎదుటి మందుల దుకాణంలో చిల్లర తీసుకుంటుంటే దుకాణం అతను, "మన చర్మం డాక్టరమ్మ కాలం జేసిందట, ఎర్కేనా?" అన్నాడు. మొన్ననే, సంగారెడ్డిలో కూతురింట్లో పోయిందట. దహనం కూడా అయిపోయిందట. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది, నేను అక్కడే నిలబడ్డాను. చివరిచూపు దక్కలేదని చచ్చేంత కోపం వచ్చింది. ఎవరి మీదని? నేనేమీ ఆమెకు చుట్టాన్ని కాను, నాకు కబురు పంపాలని ఎవరికి తోస్తుంది? అయినా వచ్చింది.

తొంభైలలో నేను భానూరు కోడలిని. బోల్టులకు నికెల్ పూత పూసే షెడ్డులో పనికి పోయేదాన్ని. పూత తొట్టిలోంచి తీసిన బోల్టులను పొద్దంతా చేతులతో ఏరి డబ్బాల్లో వేయాలి. కొన్నాళ్ళకు వేళ్ళ సందుల్లో పొక్కులు లేచాయి. పగిలి నీరు కారింది. అది అంటుకునే రోగమని మా అత్తమ్మ హడలిపోయింది. నా గ్లాసు వేరు, నా కంచం వేరు. పోనీ అనుకున్నాను. కానీ నా కూతురికి అన్నం కలిపి పెట్టనిచ్చేది కాదు. పసిపిల్ల, నా వైపు పాక్కుంటూ వస్తే నానమ్మ చటుక్కున ఎత్తుకుని అవతలికి పోయేది. చేతుల మంట నాకొక లెక్కా? నా చేత్తో పిల్ల నోట్లో ఒక్క ముద్ద పెడితే చాలని ఏడ్చేదాన్ని.

చివరికి పటాన్‌చెరు దవాఖానకు పోతే, డాక్టరమ్మ నా చేతులు చూసి మొహం తిప్పుకోలేదు. తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు మెల్లగా విప్పి, "ఏం పని జేస్తవు బిడ్డా?" అని అడిగింది. అంతవరకు అందరూ వంకాయ తిన్నావా, చేపలు తిన్నావా అని అడిగినవాళ్ళే. పని సంగతి అడిగిన మొదటి మనిషి ఆమె.

అప్పట్లో ఆమె ఒక పరిశోధన చేస్తుండేది. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ చర్మానికి ఏది పడదో తెలుసుకోవాలని. రబ్బరు, సిమెంటు, లోహాలు, ఒక్కోటి కొద్దికొద్దిగా చిన్న పట్టీల్లో పెట్టి వీపు మీద వరుసగా అంటించేది. రెండు రోజులు తడపకూడదు. తర్వాత విప్పి చూస్తే, ఏ పట్టీ కింద చర్మం ఎర్రబడిందో అదే మన శత్రువు. పక్క గదిలో కూర్చునే పళ్ళ డాక్టరు కూడా ఇందులో కలిశాడు. పంటికి తొడిగే క్యాప్‌లలో ఏ లోహం ఎవరికి పడదో ఆయనకు కావాలి. నా దవడ పన్ను ఒకటి క్యాప్ కోసం ఎదురుచూస్తోంది, కాబట్టి ఇద్దరికీ పనికొచ్చాను. ఇష్టం లేకుంటే వద్దని చెప్పమంది డాక్టరమ్మ, వద్దన్నా వైద్యం మాత్రం ఆగదని కూడా ముందే చెప్పింది.

అన్నిటికీ తలూపి, పట్టీలు వేయించుకుని వచ్చాను. మర్నాడు మా అమ్మగారి ఊళ్ళో బోనాలు! తలస్నానం చేయకుండా బోనం ఎత్తడం మా ఇంటా వంటా లేదు. మా అమ్మ పట్టీలన్నీ పీకి, వీపు నిండా పసుపు రుద్ది, నీళ్ళు పోసి, ఒళ్ళు ఆరాక వాటిని మళ్ళీ తనకు తోచిన వరుసలో భద్రంగా అంటించింది. ఏ పట్టీ ఎక్కడిదో ఇక దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ నా పచ్చటి వీపు చూసింది. ఇక చీవాట్లు తప్పవనుకున్నాను. ఆమె కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "తప్పు నాదే బిడ్డా. బోనాల దినం సూస్కోకుండ పట్టీలు ఏసిన" అంది. అప్పటినుంచి పట్టీలు వేసే ముందు గోడ మీది క్యాలెండరు చూసి, మీ ఇంట్లో పండుగ ఉందా, దావత్ ఉందా అని ప్రతి ఒక్కరినీ అడిగేది.

రెండోసారి నికెల్ పట్టీ కింద చర్మం ఎర్రగా ఉబ్బింది. నేను రోజూ ఏరే బోల్టుల పూతే. డాక్టరమ్మ తానే షెడ్డుకు వచ్చి యజమానితో మాట్లాడి నన్ను ప్యాకింగులోకి మార్పించింది. పళ్ళ డాక్టరు వేయబోయిన క్యాప్‌లోనూ అదే లోహం ఉందట. ఆయనతో గట్టిగానే వాదించి తెల్ల క్యాప్ వేయించింది. "లోపట పెట్టేది ఒళ్లు ఒప్పుకున్నదే పెట్టాలె" అనేది. పూత మందులతో చేతులు మెల్లగా మానాయి.

ఆ తర్వాత ఏ జబ్బూ లేకున్నా పోయి ఆమె ముందు కూర్చునేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ అలవాటుగా నా చేతులు అందుకుని తిప్పి చూసేది. ఇప్పుడు ఈ చేతులు ఎవరికి చూపించను? వారం నుంచి ఏ పని చేస్తున్నా అదే దిగులు.

అన్నిటికంటే ఒక ఆదివారం మరీ మరీ గుర్తొస్తోంది. చేతులు మానినా మా అత్తమ్మ నమ్మలేదు, పిల్లను నాకు ఇవ్వలేదు. ఆ మాట డాక్టరమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చాను. ఆ ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. నేను పచ్చిపులుసుతో అన్నం కలుపుకుంటున్నాను. అత్తమ్మ పిల్లను చంకనేసుకుని గడపలో నిలబడింది. డాక్టరమ్మ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

కంచం తెస్తానని లేవబోయాను.

"కంచమెందుకు? నీ చేత్తోనే పెట్టు" అంది.

చిన్నపిల్లలా నోరు తెరిచింది. ముద్ద పెట్టాను. అత్తమ్మ వైపు చూడనైనా చూడకుండా, నెమ్మదిగా నమిలి మింగి, మళ్ళీ నోరు తెరిచింది. ఇంకో ముద్ద చేసి చెయ్యి చాచేసరికి, అప్పటికి నడక నేర్చిన నా కూతురు నానమ్మ చంకలోంచి జారి పరుగెత్తుకొచ్చి, డాక్టరమ్మ పక్కన చతికిలబడి, తానూ నోరు తెరిచింది.